పైపుకు పెట్టిన వంపు

సలీమ్,

నువ్వు పోయి నేటికి ఏడాది. అడవి అంచున ఉన్న మన మిల్లులో ఇవాళే కొత్త పైపులోకి ఆవిరి వదిలారు. వేడికి పైపు సాగుతుందని, మధ్యలో వంపు పెట్టకపోతే అతుకులు పగులుతాయని నువ్వు లెక్కలు వేసి చూపించినా మేనేజరు అప్పుడు వినలేదు. పాత లైను రెండుసార్లు పగిలాక నీ డ్రాయింగు ప్రకారమే వేయించాడు.

పైపు సపోర్టుల మీద మెల్లగా బెత్తెడు జరిగింది. ఎక్కడా ఆవిరి కారలేదు.

"సలీమన్న చెప్పినట్టే అయింది సార్," అన్నాడు ఇల్లందు నుంచి వచ్చే వెల్డరు కొమురయ్య.

"అవ్," అన్నాను.

అందరూ చాయ్‌కి వెళ్లారు. నేను మన డిజైన్ రూముకు వచ్చి, "చూసినవా?" అంటూ నీ కుర్చీ వైపు తిరిగాను.

అక్కడిప్పుడు ప్రింటరు పెట్టారు.