యాదమ్మ చుక్కల ఫ్రాకు

ఆదివారం

ఇన్నేళ్ల దర్జీ పనిలో నా కత్తెర తప్పిందని మా ఛత్రినాక బస్తీలో ఒక్కరూ అనలేదు. ఇవాళ నా పెళ్లామే ఆ మాట పడేట్టు చేసింది.

చీర బరువవుతోందట. పాత నలుపు తెలుపు సినిమాల్లో హీరోయిన్ తొడిగినట్టు బుట్ట చేతుల చుక్కల ఫ్రాకు కుట్టమని యాదమ్మ అడిగింది. ఈ వయసులో ఇదేం సోకని నవ్వాను గానీ, ఎండలో మదీనా బట్టల బజారు దాకా పోయి మంచి నూలు గుడ్డ తెచ్చాను. టేపు పట్టబోతే సిగ్గుపడి, కొలతకు ఆది జాకెట్టు చేతిలో పెట్టింది. దాని ప్రకారమే కుట్టాను.

సాయంత్రం తొడిగితే కొక్కేనికి తగిలించినట్టు వేలాడింది.

"ఏందే గిది? ఏ కాలం జాకెట్ ఇచ్చినవ్?"

"మొన్న దసరాకు నువ్వు కుట్టిందే."

"మరి గింత బక్కగెట్లయినవ్?"

"అన్నం లోపలికి పోతలేదయ్యా. నీకెందుకు ఫికరని చెప్పలే. లొల్లి చెయ్యకు, పక్కలు జర గుంజి కుట్టు."

ఒళ్లు మండింది. బస్తీ ఆడవాళ్లు వేలెడు చిక్కినా వచ్చి నాకు చెప్తారు. నా ఇంటిది మాత్రం కొంగు చాటున దాచుకుంది!

రేపు దవాఖానకు నడువు అన్నాను. ముందు ఫ్రాకు సరిచెయ్యి, తర్వాత చూద్దామంది.

చెయ్యను. నా కొలత సరిగ్గానే ఉంది. ఫ్రాకు ఇంచు కూడా తగ్గదు. దాంట్లో మనిషే మళ్లీ నిండాలి.