అమ్మమ్మా, నువ్వు లేస్తే ఆట ఆగాలి

అమ్మమ్మా, నేను కులాసా. నువ్వు మోకాళ్ళకు నూనె రాయడం మానలేదనే అనుకుంటున్నాను.

కాలేజీ అయ్యాక నేను ఫోన్లలో ఆడుకునే ఒక పేకాట ప్రోగ్రాంలో చెయ్యి వేస్తున్నాను. ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి దాన్ని ఊరికే రాస్తారు. జీతం భత్యం ఉండవు, తప్పు కనిపిస్తే ఎవరైనా దిద్దవచ్చు. ఆడేవాళ్ళు ఒక్క నిమిషం లేస్తే చాలు, అది వాళ్ళను ఆటలోంచి తోసేసేది. నాకు మన వసారాలో చాప గుర్తొచ్చింది. "ఉండండర్రా, పాలు పొంగుతాయి!" అంటూ నువ్వు లేచేదానివి. నువ్వొచ్చేదాకా మేమెవ్వరం ముక్క కదిపేవాళ్ళం కాదు. వచ్చి కూర్చుంటూనే నువ్వు షో చెప్పేదానివి. అందుకని ఆట ఆపే మీట ఒకటి రాసి పంపాను.

ప్రోగ్రాం చూసుకునే పెద్దాయన తిప్పి పంపారు. "బాగుంది గానీ, ఆట ఆగినంతసేపూ అందరి ముక్కలూ కప్పెయ్యాలి. ఒకే గదిలో కూర్చుని ఫోన్లలో ఆడేవాళ్ళుంటారు. లేచినవాళ్ళు వెనకనుంచి తొంగిచూడరూ?" అని రాశారు. అలాగే కప్పేశాను. నిన్న నా మీటను చేర్చుకున్నారు!

మామయ్యను నా పాత స్వెట్టరు పంపమను. చెల్లి పరీక్షలు అయిపోయాయా? మూల విరిగిన మన ఇస్పేటు రాణిని ఎవరినీ పారెయ్యనివ్వకు. అందరినీ పేరుపేరునా అడిగానని చెప్పు.

పెద్దాయన మాట చదివినప్పటినుంచీ ఒకటే ఆలోచన. వంటింటికి దారి మా వెనకనుంచే కదా. నిజం చెప్పు అమ్మమ్మా, పొయ్యి మీద ఏనాడైనా పాలుండేవా?