బొటనవేలికి పట్టేసిన కత్తెర

చెల్లీ, ఇక్కడ అందరం బాగున్నాం, ఈ కార్డు చూసి పరుగెత్తుకుని రావద్దు.

మంగళవారం మన కుట్టు కొట్లో నేను లెక్కల టీచరమ్మ కోటుకి గుడ్డ కత్తిరిస్తుంటే నా బొటనవేలి కీలు వాచి కత్తెర పిడిలో ఇరుక్కుపోయింది. ఎంత లాగినా రాలేదు. "కత్తెరతోనే ఇంటికెళ్తారా ఏంటి అక్కా?" అని ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. సబ్బునీళ్లు పోసి ఊడదీసేసరికి పావుగంట పట్టింది. ఆవిడ వెళ్లాక కొట్టు మూసి డాక్టరు దగ్గరికెళ్లాను.

డాక్టరు కీళ్లవాతం అన్నాడు, కుట్టు మాత్రం మానొద్దన్నాడు. పొద్దున్నే వేళ్లు గోరువెచ్చని నీళ్లలో పెట్టాలట, అరగంటకోసారి పని ఆపాలట, బరువు కత్తెర వాడకూడదట. చెప్పినట్టే చేస్తున్నాను. ఈ కార్డూ రెండు విడతల్లో రాశాను. కోడలికి చెప్పలేదు. తెలిస్తే మిషను మూలకి తోసేస్తుంది.

నీ సొరుగులో అమ్మ వాడిన తేలిక కత్తెర ఉంది, సానపట్టించి పంపు. మరిదిగారి దగ్గు తగ్గిందా? వంటింటి కప్పు కారడం ఆగిందా?

ఇంకొకటి అడగాలి. అమ్మకీ బొటనవేలితోనే మొదలైంది, నీ పెళ్లయిన ఏడాది. ఆ తర్వాత ఎన్నేళ్లు కుట్టిందో నాకు తెలియదు, దగ్గరున్నది నువ్వు. నన్ను ఊరడించడానికి ఓ రెండేళ్లు కలపకు. తను కుట్టిన ప్రతి బట్టకీ అంచు మడతలో ఆ ఏడాది అంకె దారంతో కుట్టేది కదా. నీ పెట్టెలో ఉన్న ఆఖరి గౌను మడత విప్పి, అక్కడున్న అంకె రాసి పంపు.

టీచరమ్మ కోటు నిన్న పూర్తయింది. మడతలో ఈ ఏడాది అంకె కుట్టాను.

పిల్లలకి నా ముద్దులు. నువ్వు చల్లగా ఉండు.

మీ అక్క