తిన్న రెండు గంటలకు

9 జూలై 1963, దేవరకొండ

నల్లగొండ నుంచి ఇప్పుడే దిగాను. బస్సులో నడుము విరిగింది. చేతిలో ఒక అట్టపెట్టె. అందులో నీలం మందు సీసా, మూడు గాజు గొట్టాలు, స్పిరిట్ దీపం, ఇన్సులిన్ బుడ్డీలు రెండు, సూది. అత్తగారింటికి వచ్చిననాడు కూడా నా వెంట ఇంత సామాను లేదు.

నాకు షుగర్ ఉందట. ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు!

మొదటి బిడ్డ యాభై తొమ్మిదిలో పోయింది. రెండో బిడ్డ అరవై ఒకటిలో. ఇద్దరూ తొమ్మిదో నెల నిండుతుండగా కడుపులోనే పోయారు. ఇద్దరూ బొద్దుగా, పెద్దగా ఉన్నారు. చూసినవాళ్ళంతా దిష్టి అన్నారు. దిష్టి కాదు, షుగర్ అని ఇవాళ తెలిసింది. ఇప్పుడు నాకు ఏడో నెల. ముందే తెలిసుంటే అని ఆలోచించవద్దని నల్లగొండ దవాఖాన డాక్టరమ్మ చెప్పింది. చెప్పడానికేం, ఎన్నైనా చెప్పొచ్చు.

ఇక మీదట నా బతుకు ఇది. అన్నం బంద్. తీపి బంద్. గడ్డలు బంద్. పొద్దునా సాయంత్రం సూది. తిన్న రెండు గంటలకు మూత్రం ఎనిమిది చుక్కలు నీలం మందులో వేసి కాచాలి. నీలంగానే ఉంటే మంచిది. ఆకుపచ్చ అయితే పరవాలేదు. పసుపు చెడ్డది. ఇటుక రంగు వస్తే తిన్నదంతా చక్కెరై బిడ్డ మీద పడుతున్నట్టు. తిన్నది తిన్నట్టు నోట్‌బుక్‌లో రాయాలి. రంగు దిగితే సెప్టెంబర్ మూడో వారంలో, నెలలు నిండకముందే ఆపరేషన్ చేసి బిడ్డను ప్రాణంతో బయటికి తీస్తానన్నది. దిగకపోతే అప్పటిదాకా బిడ్డ ఉంటుందని మాట ఇవ్వలేనన్నది.

బడికి జీతం లేని సెలవు పెట్టాను.

10 జూలై, మధ్యాహ్నం 3

మొదటి టెస్ట్. ఇటుక రంగు.

ఇల్లు అద్దెకిచ్చిన అండాలమ్మ కొంగుతో ముక్కు మూసుకొని వచ్చి, ఇదేం పాడు పని లీలమ్మా, వంటింట్ల ఉచ్చ కాగవెడ్తవా అని వాడకట్టంతా వినేట్టు అరిచింది. దీపం నాది, గొట్టం నాది, ఆమె పొయ్యి నేను ముట్టనే లేదు. అయినా వినదు. ఇక నుంచి పెరట్లో బర్రె కొట్టం పక్కన కాచుకోవాలట. వాన వస్తే ఎట్లా అంటే, గొడుగు పట్టుకోరాదా అన్నది.

11 జూలై

అత్త సోమమ్మ ఊళ్ళో గొర్లను మరిదికి అప్పగించి మే నెల నుంచి నా దగ్గరే ఉంటున్నది. డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం నాతో రెండుసార్లు చదివించుకొని విన్నది. బెల్లం కుండ తీసుకపోయి అండాలమ్మ ఇంట్లో పెట్టి వచ్చింది. బియ్యం తనకు మటుకే పిడికెడు వండుకుంటున్నది. నాకు జొన్నరొట్టె. ఇన్సులిన్ బుడ్డీలు వేడికి చెడిపోకుండా కొత్త కుండలో తడి ఇసుక పోసి అందులో పాతిపెట్టింది. నాకు ఆ ఆలోచన రాలేదు.

13 జూలై

పొద్దున లేవగానే నీలం. తిన్నాక ఎరుపు. సాయంత్రం ఎరుపు.

14 జూలై

ఎరుపు. ఛీ.

17 జూలై

నోట్‌బుక్‌లో రాసిందే ఇక్కడా రాస్తున్నాను. జొన్నరొట్టె ఒకటిన్నర. తోటకూర. పెసరపప్పు గరిటెడు. పలచటి మజ్జిగ. ఇంతే. దీనికి ఇటుక రంగా? నేనేమన్నా లడ్డూలు మింగుతున్నానా? ఉపవాసమున్నదాని కంటే హీనంగా ఉంది నా తిండి. చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

తిన్నాక అత్త చెంబుడు గంజి ఇచ్చింది. ఉప్పేసుకొని తాగి కాసేపు నడుం వాల్చాను. రోజంతటిలో అదొక్కటే సుఖం.

21 జూలై, ఆదివారం

ఐలేశం నందికొండ నుంచి వచ్చాడు. డ్యామ్ పనిలో టైమ్ కీపర్. వారానికొకసారి వచ్చే మొగుడు. నేను టెస్ట్ చేస్తుంటే పక్కన గొంతుకూర్చొని చూశాడు. నీలం ఆకుపచ్చైంది, పసుపైంది, ఎర్రబడింది. తర్వాత మెల్లగా, జర నిజం చెప్పు లీలా, పక్కింటి గుర్వమ్మోళ్ళింట్ల ఏమన్న తింటున్నవా, నేనేమన అని అడిగాడు.

గొట్టం గోడకేసి కొట్టాను. ఇక రెండే మిగిలాయి.

నా కడుపులో బిడ్డ నాకు ఎక్కువా, గుర్వమ్మ ఇంట్లో తిండి ఎక్కువా? ఇద్దరిని మోసి, ఇద్దరిని మట్టిలో పెట్టించినదాన్ని నేను. ఈయన రెండుసార్లూ గుంత తవ్వి వచ్చాడు, నిజమే. ఆయనకూ భయమే. అయినా ఆ మాట ఎట్లా వచ్చింది నోటికి? గాజు పెంకులు ఒక్కటొక్కటే ఏరి, అన్నం తినకుండానే సాయంత్రం బస్సుకు పోయాడు. పిలవాలనిపించింది. పిలవలేదు.

30 జూలై

కడుపుతో ఉన్నదాని ముక్కుకు వాసన తగిలితే, ఆమెకు పెట్టకుండా తినకూడదని ఈ వాడకట్టులో కట్టుబాటు. ఎవరింట్లో మూకుడు పెట్టినా నాకొక గిన్నె వస్తుంది. నేను తిప్పి పంపుతాను. వాళ్ళు ముఖం మాడ్చుకుంటారు. ఇవాళ పక్కింటి గుర్వమ్మ భక్ష్యాలు తెచ్చింది, నెయ్యి కారుతూ. ఒక్క తునకన్న నోట్లె ఏస్కో టీచరమ్మా, లేకుంటే పుట్టే బిడ్డకు చెవుల చీము గారుతది, ఆ పాపం నాకెందుకు అని గడపలో కూర్చున్నది.

బిడ్డ బతికి పుడితే కదా గుర్వమ్మా చెవులు, కారితే కారనీ అన్నాను. గట్టిగానే అన్నాను. ఆమె ఏడ్చుకుంటూ పోయింది.

ఇక అందరూ తలుపులు వేసుకొని వండుతారట. అండాలమ్మ చెప్పింది. వండనీ. వాసన తలుపు సందుల నుంచి రాదా?

ఆకలి. ఎవరికి చెప్పను, ఆకలేస్తోంది నాకు.

6 ఆగస్టు, నల్లగొండ నుంచి వచ్చాక

తిన్న రెండు గంటలకు రక్తం తీశారు. అందులోనూ చక్కెర ఎక్కువే. ఇన్సులిన్ పెంచారు. డాక్టరమ్మ నోట్‌బుక్ మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివింది. చక్కగా రాశావు అన్నది. మూసి బల్ల మీద పెట్టి, రక్తం అబద్ధం చెప్పదు కదమ్మా అన్నది.

అంటే నేను చెప్తున్నానా? అడగలేకపోయాను. పదేళ్ళుగా పిల్లల నోట్‌బుక్‌లు దిద్దుతున్నాను. దొంగ లెక్క చేసిన పిల్లను నేనూ ఇట్లాగే చూస్తాను.

కడుపు తడిమి చూసింది, బిడ్డ మామూలు కంటే పెద్దగా ఉందట. బిడ్డ పెద్దగా ఉంటే ఎవరైనా సంతోషిస్తారు. ఆ ఇద్దరూ పెద్దగానే ఉన్నారు.

8 ఆగస్టు

ఎరుపు.

9 ఆగస్టు

ఎరుపు. డోసు పెంచినా.

11 ఆగస్టు

రాయడానికి సిగ్గుగా ఉంది. రాస్తాను.

పొద్దున అత్త నీళ్ళకు పోగానే వంటిల్లంతా గాలించాను. పప్పు డబ్బాలు, ఉప్పు జాడీ, ఉట్టి మీద కుండలు, అన్నీ దించాను. కూరలో ఎక్కడో బెల్లం వేస్తున్నదని నమ్మకం కుదిరింది నాకు. ఇంకేం ఉంటుంది మరి? నేను తినలేదు, ఆకాశం నుంచి ఊడిపడిందా చక్కెర? ఆమె బిందెతో వచ్చి గడపలో నిలబడి చూసింది. ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా అన్నది.

అడిగేశాను. గట్లెందుకు చేస్త, నా మనుమడు కాదా వాడు అన్నది. నేను ఆగలేదు. ముందటి ఇద్దరిని మింగింది చాలలేదా నీకు అన్నాను.

బిందె దించలేదు. నడుం మీద అట్లాగే పెట్టుకొని నిలబడింది. నీళ్ళు తొణికి చీర తడిసింది. నా నోరు పడిపోను.

12 ఆగస్టు

పొద్దున్నే మూట కట్టుకొని బస్టాండుకు పోయింది. నేను ఆపలేదు. పదింటికి తిరిగొచ్చింది. నీకు రొట్టె ఎవ్వలు చేస్తరు అన్నది. ఆ ఒక్క మాటే. పిండి కలిపింది, చేసింది, పెట్టింది. గంజి వార్చి ఇచ్చింది. తాను ఏమీ తినలేదు.

ఎరుపు.

20 ఆగస్టు, నల్లగొండ

ఈసారి అత్తను వెంట తీసుకపోయాను. డాక్టరమ్మే పిలుచుకు రమ్మన్నది. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, అత్తను ఎదుటి కుర్చీలో కూర్చోమన్నది. అత్త కుర్చీలో కూర్చోలేదు, నిలబడే చెప్పింది. పొద్దున లేచిన కాడి నుంచి ఏమేం చేస్తావో చెప్పమ్మా, వదిలిపెట్టకుండా అని డాక్టరమ్మ అడిగింది.

రొట్టెలు అని చెప్పింది. కూర అని చెప్పింది. నేను రాసిందే. తర్వాత కొంచెం గర్వంగా, బియ్యం వద్దంటిరి కదా అమ్మా, ఒక్క మెతుకు తగలనియ్య, బట్టల వడగట్టి గంజి మాత్రం ఇస్త, బలమంత గంజిలనే ఉంటది కదా, మూడు పూటల చెంబుడు చెంబుడు అన్నది. నాకు పెట్టకుండా అన్నం తానొక్కతే తింటున్నందుకు కడుపు కాలుతదని, అందుకే రెండు పిడికెళ్ళు ఎక్కువేసి మెత్తగా ఉడికించి చిక్కగా వారుస్తానని కూడా చెప్పింది.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది.

నోట్‌బుక్ నా ఒళ్ళో ఉంది. నలభై రెండు రోజులు. ఒక్క రోజు కూడా గంజి రాయలేదు నేను. రోజూ తాగాను, ఉప్పేసుకొని, ఇష్టంగా. తిన్నది రాయమన్నారు, గంజి తిండి అని నాకు తోచనే లేదు. మా వైపు ఎవరికి తోస్తుంది? జ్వరమొచ్చినవాళ్ళకు గంజి, బాలింతకు గంజి, బర్రెకు గంజి. నీళ్ళ లెక్క అది. బియ్యంలోని పిండంతా అందులోకే దిగుతుందని, అది రొట్టె కంటే తొందరగా రక్తంలో చక్కెర అవుతుందని డాక్టరమ్మ చెప్తుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చదువుకున్నదాన్నట! టీచరమ్మనట! ఆయన మీద కోపంతో గొట్టం పగలగొట్టాను. గుర్వమ్మను ఏడిపించాను. అత్తను ఏమన్నానో ఆ మాట మళ్ళీ రాయలేను.

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది.

అత్త ఒకటే అడిగింది. ముందటి ఇద్దరప్పుడు గూడ ఇచ్చిన గద అమ్మా అని.

డాక్టరమ్మ లేచి వచ్చి ఆమె చేయి పట్టుకున్నది. అప్పుడు షుగర్ ఉందనే ఎవరికీ తెలియదు, సూది లేదు, మందు లేదు, గంజి ఒక్కటే చేసింది కాదమ్మా అని చాలాసార్లు చెప్పింది. అత్త తలూపింది. విన్నదో లేదో తెలియదు. బస్సులో దేవరకొండ దాకా కిటికీలోకే చూసింది.

21 ఆగస్టు, మధ్యాహ్నం

పసుపు.

22 ఆగస్టు

ఆకుపచ్చ! రెండోసారి కాచి చూశాను. ఆకుపచ్చే. పెరట్లో బర్రె తప్ప చూపించడానికి ఎవరూ లేరు. అండాలమ్మను పిలిచి చూపించాను. ముక్కు మూసుకోకుండా చూసి, పోనీ తియ్ అన్నది.

26 ఆగస్టు

ఆకుపచ్చ. నీలం. ఆకుపచ్చ.

అత్త నా పళ్ళెం ముట్టడం లేదు. రొట్టె చేసి పొయ్యి దగ్గరే పెట్టి అవతలికి పోతుంది. కూరలో ఉప్పు నన్నే వేసుకొమ్మంటున్నది. మంచినీళ్ళు అడిగితే కడవ చూపించింది. అన్నం వండుకోవడం మానేసింది, తానూ జొన్నరొట్టే. తప్పు నాది అత్తా, రాయనిది నేను, నోరు పారేసుకున్నది నేను అని కాళ్ళ దగ్గర కూర్చొని చెప్పాను. ఊకో బిడ్డా, వంగకు, కడుపుల నొస్తది అన్నది. అంతకంటే ఏమీ అనలేదు. తిట్టవచ్చు కదా ఒకసారి! నేను తిట్టినట్టు తిట్టవచ్చు కదా!

1 సెప్టెంబర్, ఆదివారం

ఐలేశానికి అంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, కోపం చేస్తాడనుకున్నాను. అమ్మ దగ్గరికి పోయి పెరట్లో చాలాసేపు కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. గుర్వమ్మ ఇంటికి నేనే పోయాను. తలుపు తీసింది. అంతవరకు నయం.

12 సెప్టెంబర్

పొద్దున్నుంచి బిడ్డ కదలలేదు. ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాను, నడిచాను, చల్లటి నీళ్ళు తాగాను. రంగు ఆకుపచ్చే, అయినా ఏం లాభం, ఆ ఇద్దరూ ఇట్లాగే ఒకనాడు కదలడం మానేశారు. అత్త గోడకు ఆనుకొని నన్నే చూస్తున్నది. మూడున్నరకు తన్నింది. గట్టిగా, రెండుసార్లు. అమ్మా అన్నాను. అత్త అక్కడే కూలబడి కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

రేపే నల్లగొండ పోతాం. ఇక ఇక్కడ ఉండను.

19 సెప్టెంబర్, దవాఖాన

ఎల్లుండి పొద్దున ఆపరేషన్. భయం. కాగితాల మీద ఐలేశం సంతకం పెట్టాడు.

22 సెప్టెంబర్

ఆడపిల్ల. ప్రాణంతో.

నిన్న పుట్టిన గంటకు దాని ఒళ్ళు చల్లబడి వణికింది. చక్కెర తక్కువైందట, దానికి. నాలో ఉన్నన్నాళ్ళూ నా చక్కెర ఎక్కువ తాగి, బొడ్డు కోయగానే అది అందక పడిపోయిందట. నర్సు గ్లూకోజు నీళ్ళ గిన్నె, చెంచా తెచ్చి, ఇంకో కేసుకు పరుగెత్తాలి, కొంచెం కొంచెంగ పాప నోట్లె పొయ్యమ్మా అని అత్త చేతికిచ్చింది. అత్త చెంచా పట్టుకొని కదలలేదు. నా వైపు చూసింది. తియ్యటి నీళ్ళు బిడ్డా, పొయ్యాల్నా అన్నది.

పొయ్యి అత్తా. నీ చేతితోనే పొయ్యి.

మింగింది.