దొరసాని డైలాగులు

నవంబర్ 3, సోమవారం

హెడ్మాస్టర్ జయరావు సార్ పిలిచి, తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు కథలూ పద్యాలూ ఎందుకమ్మా, బిట్లు బట్టీ పట్టించు చాలు అన్నారు. మా సత్యవేడు పిల్లల్లో సగం మందికి ఇంట్లో తమిళం, బడిలో తెలుగు. ఇంగ్లీషంటే చలిజ్వరం. అయినా నాకు ఒళ్లు మండింది. పద్నాలుగున బాలల దినోత్సవానికి వీళ్లతోనే ఇంగ్లీషు నాటకం వేయిస్తాను, అంతవరకు నా లిటరేచర్ పీరియడ్ జోలికి రావద్దు అన్నాను. చూద్దాం అన్నారు. వేయించలేకపోతే పీరియడ్ పోయినట్టే.

నవంబర్ 6, గురువారం

పాఠంలో ఒక దొరసాని, ఒక పనిపిల్ల. పింగాణీ గిన్నె పగులుతుంది. దొరసాని తిడుతుంది, పనిపిల్ల ఎదురు తిరుగుతుంది. పుస్తకంలో మాటలకు ఒక్కరికీ నోరు తిరగడం లేదు. విసుగొచ్చి, కథ తెలిసింది కదా, డైలాగులు మీకొచ్చిన ఇంగ్లీషులో మీరే కల్పించుకోండి, నేను స్టేజీ మీదే చూస్తాను అని అరిచాను. దొరసానిగా నిస్సీని పెట్టుకున్నారట. జూన్ నుంచి "ప్రెజెంట్ మేడమ్" తప్ప ఆ పిల్ల నోట ఇంగ్లీషు వినలేదు. నా పని అయిపోయింది.

నవంబర్ 13

అన్నం సయించలేదు.

నవంబర్ 14, సాయంత్రం 6



వాళ్లమ్మ చీర కట్టుకుని నిస్సీ స్టేజీ ఎక్కింది. గిన్నె పడింది. ఇక అందుకుంది. "షటప్. యూజ్‌లెస్ ఫెలోస్. హౌ మెనీ టైమ్స్ ఐ టోల్డ్ యూ? నో షేమ్? గెట్ అవుట్ అండ్ స్టాండ్ దేర్." ఎక్కడా తడబడలేదు. డస్టర్‌తో బల్ల మీద కొట్టింది. దొరసాని ఇంట్లో డస్టర్ ఏమిటని నవ్వబోయాను. అంతలో తట్టింది. అవి నా మాటలు. ఒక్కటి కూడా దొరసానివి కావు.

పనిపిల్ల మోహన తల వంచుకుని నిలబడింది. ఎదురు తిరగాల్సిన చోట కూడా పెదవి కదపలేదు. నాటకం అయిపోయింది.

ఒకటే చప్పట్లు. జయరావు సార్, ఏం ఫ్లూయెన్సీ అమ్మా, పీరియడ్ నీదే అన్నారు. నిస్సీ వాళ్లమ్మ రూతు నా చేతులు పట్టుకుని, మా పాప అచ్చం మీ మాదిరే మాట్లాడినాది మేడమ్, మీ రుణం తీర్సుకోలేము అని కళ్లనీళ్లు పెట్టుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

నవంబర్ 15, శనివారం

ఎందుకు జవాబు చెప్పలేదని మోహనను అడిగాను. భయపడిందేమో అనుకున్నాను. కాదట. తిట్టేదానికి ఇంగ్లీషు మాకు వచ్చు మేడమ్, తిరిగి సెప్పేదానికి యాడ నేర్సుకున్నాము, మీరు తిట్టినప్పుడు గమ్మున ఉండేదే గదా అంది. వెటకారం లేదు. కోపమూ లేదు. పక్కనే నిస్సీ తలూపింది.

కోప్పడి ఉంటే తట్టుకునేదాన్ని. పదకొండేళ్లుగా నేను చెప్పిన సాహిత్యం ఇదా?

నవంబర్ 17, మొదటి పీరియడ్ అయ్యాక

నాటకం మళ్లీ వేశాం. పనిపిల్ల నేను. తిట్టాల్సినవన్నీ తిట్టి, "స్పీక్, ఐ సే" అంది నిస్సీ. క్లాసంతా నా నోటి వంకే చూసింది. ఇంగ్లీషులో ఎమ్మే చేశాను. ఒక్క మాట రాలేదు.