వాంగ్మూలంలో ఒక మాట

నంద్యాల, జనవరి 12

ప్రియమైన అన్నకు,

ఫోన్లో నన్ను బ్లాక్ చేశావు కాబట్టి కాగితమే గతి. మోటారు వైరు దొంగిలించాడని చెంచు నారాయణను అతని తేనెతాడుతోనే వేపచెట్టుకు కట్టి, బెల్టుతో కొట్టావు. శనగచేను చూద్దామని వచ్చి కళ్లారా చూశాను. పోలీసులకిచ్చిన వాంగ్మూలంలో ‘కిరాతకం’ అని రాయించాను. తెలుగు పాఠాలు చెప్పేదానికి అంతకన్నా చిన్నమాట తోచలేదు. సొంత అన్న మీద అంత మాట రాయించొచ్చా అని వారంగా తొలుస్తూనే ఉంది.

నీ చెల్లెలు,
సంధ్య

ఆళ్లగడ్డ, జనవరి 17

సంధ్యకు,

ప్రియమైన అని నేను రాయను. కిరాతకులంటే ఎవరు? అడవిలో విల్లు పట్టుకోని తిరిగేటోళ్లు. అంటే ఆ చెంచోళ్లే గదా. ఇంత సదివి, వాళ్ల పేరు తెచ్చి అన్నకు పెడతాండావే, ఏందీ కత? నేను జైల్లో కూచుంటే నీకు సంబరమా? ఆ మాట తీసేయించినాకనే ఈ గడప తొక్కు.

నరసింహులు

నంద్యాల, జనవరి 25

అన్నా,

నువ్వన్నది నిజమే. నిఘంటువులు తిరగేశాను. కిరాతులంటే కొండల్లో వేటాడి బతికే జనం. వాళ్ల పేరును క్రూరత్వానికి అంటగట్టింది ఊళ్లలో కూర్చుని రాసుకున్న మనబోటివాళ్లే. ఇరవై ఏళ్లుగా పిల్లలకు ఆ మాట చెబుతున్నాను, ఒక్కనాడూ అనుమానం రాలేదు.

నిన్న ఆస్పత్రికి వెళ్లాను. నారాయణ భార్య జీవమ్మ గోడవైపే చూస్తూ అంది: “తేనెకు కొండ దిగేటప్పుడు మావోళ్లు తాడు బామ్మర్ది చేతికే ఇస్తారమ్మా. తోడబుట్టినదాన్ని ముండమోయనియ్యడని. మీ అన్న దాంతోనే కట్టేసినాడు.”

ఆ మాట ఉంచాలో తీసేయాలో తేలడం లేదు.

సంధ్య

ఆళ్లగడ్డ, ఫిబ్రవరి 2

ప్రియమైన చెల్లెలికి,

ఇప్పటికి దారికొచ్చినావు. వైరు దొరికింది. మా పిల్లోడు ప్రవీణ్ మోటారుతో పాటే కోయిలకుంట్లకు రిపేరుకు తీసకపోయి చెప్పడం మరిచినాడు. అయినా అడివోనికి నాలుగు తగిలితే ఏమైతాది? బేగా ఆ మాట తీసేయించి రా. మీ వదిన బొరుగులతో ఉగ్గాని చేస్తాది.

మీ అన్న

నంద్యాల, ఫిబ్రవరి 7

అన్నా,

స్టేషనుకు వెళ్లి ఆ మాట తీసేయించాను. నీ పనికి వాళ్ల పేరు పెట్టడం తప్పు.

“ఏం మేడం, మెత్తబడినారా?” అన్నాడు ఎస్సై.

లేదన్నాను. దాని బదులు చూసింది చూసినట్టు రాయించాను: ఎన్ని దెబ్బలో, ఏ చెట్టో, ఎవరి తాడో. నీ ఉత్తరం కూడా ఇచ్చేశాను. వైరు సంగతి నీ చేతిరాతలోనే ఉంది కదా.

జీవమ్మ తమ్ముడు తాడు కోసం వచ్చాడు. సాక్ష్యమని ఎస్సై ఇవ్వలేదు. తేనె కాలానికి కొత్తది పేనుకుంటామని వట్టి చేతులతో వెళ్లాడు.

ఉగ్గాని చేయొద్దని వదినకు చెప్పు.

సంధ్య