పటిక నీళ్లకు చీమలు

వదినకు సారక్క రాయునది: ఫోన్ కలవక కార్డు వేస్తున్నాను, నా బిడ్డ సుకన్య, పసిపాప బాగున్నారు, భయపడకు.

నువ్వు చెప్పినట్టే కాన్పు కుట్లు మానాలని, వేపాకు కాచిన గోరువెచ్చని నీళ్లలో పటిక వేసి సుకన్యను రోజూ టబ్బులో కూర్చోబెడుతున్నాను. నిన్న టబ్బు చుట్టూ చీమల బారు చూసి నా పానం పోయింది. షుగరుంటే మూత్రానికి చీమలు పడతాయంటారు కదా. నా పెద్ద బిడ్డ రజిత ఆ షుగరుతోనే కుట్లు చీము పట్టి పోయె. "నీకు గూడ వచ్చిందా బిడ్డా!" అని మొత్తుకున్నాను. అల్లుడు ఉరికొచ్చి, మిగిలిన పటిక గడ్డ నాకి చూసి, "అత్తమ్మా, ఇది పటికబెల్లం! పటిక అడిగితే దుకాణపాయన గిదే ఇచ్చిండు" అన్నాడు.

అయినా నా మనసు ఆగక దవాఖానకు తీసుకుపోయాను. నర్సమ్మ కుట్లు చూసి, "మంచిగనే మానుతున్నయ్. పటికొద్దు, బెల్లమొద్దు, ఉత్త గోరువెచ్చని నీళ్లు చాలు" అని నవ్వింది.

బర్రె ఈనిందా? ఇటు వచ్చేవాళ్లుంటే నా పాత మెత్తటి చీరలు పంపు.

నేను బస్సెక్కేటప్పుడు రజిత బిడ్డ, "చిన్నమ్మ గూడ అమ్మలెక్క పోతదా?" అనడిగింది. దాని తల నిమిరి బస్సెక్కాను. పోదని నువ్వు చెప్పు వదినా. అన్నకు దండాలు, పిల్లకు ముద్దులు.